రెక్సిన్ దిమ్మలు

జులై 3

నా చెవి మెలిపెట్టడంలో ఇప్పటికీ సాటిలేని అక్కకి,

నీ ఉత్తరం చేరింది. నా చేతులకి జిగురు అంటి ఉంది కనక మీ మరదలే చదివి వినిపించింది. ఇదీ తనే రాస్తోంది. నేను పక్కన కూర్చుని ఓ సోఫాకి రెక్సిన్ లాగి కొడుతూ చెబుతున్నా. కాబట్టి మధ్యలో ఎక్కడైనా మర్యాద తగిలితే అది నాది కాదు.

నాకు అర్థమైన సంగతి ఇదీ. నీ కూతురు, మన తూనీగ, తెలుగు పాఠం చదివించే పీరియడులో బెంచీ కిందకి దూరి పిల్లిలా అరిచింది. అంతకు ముందు వారం ముందు బెంచీ పిల్లలిద్దరి జడలు కలిపి ముడేసింది. మొన్న టీచరు కుర్చీలో తడిగుడ్డ పరిచింది. దీనికి హెడ్‌మిస్ట్రెస్సు నిన్నూ బావనీ పిలిపించి, పిల్లని ఎవరో క్లినికల్ సైకాలజిస్టుకి చూపించి రిపోర్టు తెండి, తేకపోతే మా బడిలో కుదరదు అంది. నువ్వు ఇంటికొచ్చి ఏడ్చావు.

అక్కా, అది జబ్బు కాదు, వంశం. తొమ్మిదేళ్ళ పిల్ల అల్లరి చెయ్యకపోతే అప్పుడు చూపించాలి డాక్టరుకి. ఇంతకీ ఆ టీచరు తడిగుడ్డ మీద పూర్తిగా కూర్చుందా, అంచున కూర్చుందా? ఇలాంటివి రాయవు, ఏడుపు మాత్రం పేజీన్నర రాస్తావు.

నా మాట విని వెళ్ళకు. ఈ బుర్రల డాక్టర్ల సంగతి నీకు తెలీదు. ఖాళీ బుర్రలో కూడా ఏదో ఒకటి ఉందని తేల్చకపోతే వాళ్ళకి పూట గడవదు. ఒకసారి కాగితం మీద పేరు పెట్టారంటే పిల్ల పెళ్ళీడుకొచ్చినా ఆ పేరు పోదు.

(వదినా, నేను రాస్తున్నాను గానీ ఈ మాటలు నావి కావు. మీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి. – మరదలు)

బ్రాకెట్లో ఏదో గీకింది. అడిగితే నీ ఆరోగ్యం గురించి అంటోంది. నమ్మను.

అనుమానంతో,
నీ తమ్ముడు


జులై 9

ఒరేయ్ వంశోద్ధారకా,

టీచరు పూర్తిగానే కూర్చుంది. చాలా? సంతోషమా?

ఫోను చెయ్యొచ్చుగా అని మళ్ళీ మరదలి చేత రాయించకు. నేను వంటింట్లో గొంతు తగ్గిస్తే చాలు, తూనీగ మేడ మీదున్నా దిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. అందుకే ఈ ఉత్తరాలు.

మేం ఆ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళొచ్చాం. మొదటిసారి తల్లిదండ్రులే రావాలట, పిల్లని తీసుకెళ్ళలేదు. నువ్వు అనుకునే గది కాదురా. ఒక పొట్టి బల్ల, చిన్న కుర్చీలు, గోడకి అద్దం, కిటికీలో మొక్క. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. ఇంజక్షనూ లేదు, తలకి వైర్లూ లేవు. ముందు అంతా మమ్మల్నే అడిగింది. కాన్పు ఎలా అయింది, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు నడిచింది, మొదటి మాట ఏమిటి, జ్వరంలో ఎప్పుడైనా ఫిట్సు వచ్చాయా, ఎవరితో ఆడుకుంటుంది, ఎప్పుడు నిద్రపోతుంది. మీ బావ ప్రతిదానికీ నా వైపు చూశాడు. తండ్రికి కూతురి మొదటి మాట గుర్తులేదు. "బంతి" అని నేనే చెప్పాను.

ముందుగా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించమంది. చేయించాం, రెండూ బాగున్నాయి. ఇక రెండు పొద్దుటి పూటలు పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుంటుందట. బొమ్మలు పేర్చడం, మాటలకి అర్థాలు, లెక్కలు, కొంచెం చదవడం, రాయడం. అలిసిపోతే ఆపి ఆడుకోనిస్తుంది. పాసూ ఫెయిలూ ఉండవు. బాగా నిద్రపోనిచ్చి, కడుపునిండా పెట్టి తీసుకురమ్మంది. పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పమంది: "నీకు ఏవి తేలిక, ఏవి కష్టం అని తెలుసుకుంటారు" అని. ఇంట్లో మాత్రం ఏదీ నేర్పించొద్దు, అలాంటి ఆటలు ముందే ఆడించొద్దు, ఆడిస్తే అసలు సంగతి తెలీదు అని గట్టిగా చెప్పింది.

ఇంకోటి అడిగింది. మీ రెండు వైపులా చదువులో ఇబ్బంది పడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. లేరన్నాను. నువ్వు ఆరో క్లాసులో బడి మానేసిన సంగతి మీ బావ ఎత్తబోతే కాలు తొక్కాను. అది అల్లరి వల్ల మానేసింది గానీ ఇబ్బంది కాదుగా. మన గొడవలన్నీ ఆవిడ ముందు పరవడమెందుకు?

రిపోర్టు సరిగ్గా రాకపోతే దీన్ని పొగరుబోతు కింద జమకట్టి పంపించేస్తారు. అప్పుడు వేరే చోట చూడాల్సిందే అంటున్నాడు మీ బావ. నాకు అదే భయం.

నీ అక్క


జులై 15

అమాయకపు అక్కకి,

కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, దొరకట్లేదు. ఈసారి కూడా మీ మరదలే చదివింది. చదివేటప్పుడు రెండుచోట్ల గొంతు తగ్గించింది. అక్కడ నన్ను తిట్టి ఉంటావు.

నేర్పించొద్దు అందా? అక్కా, నలభై ఐదేళ్ళ బతుకులో నేను విన్న మాటల్లోకెల్లా అనుమానించాల్సిన మాట ఇదే. ఏ పరీక్షకైనా చదువుకు రమ్మంటారు. చదవకుండా రమ్మనేవాళ్ళకి నువ్వు తప్పడమే కావాలి. పైగా ఎప్పుడు నడిచింది, మొదటి మాటేంటి? దొంగని పట్టుకున్నప్పుడు పోలీసులు కూడా ఇలాగే ఊరూ పేరుతో మొదలెడతారు, తర్వాత లాఠీ తీస్తారు.

బావ మాట కూడా నాకు తెలుసులే. వేరే చోట చూడటం అంటే ఏమిటి? హాస్టలు. పిల్లని హాస్టల్లో పడేసి ఆదివారాలు ఈలలు వేసుకుంటూ తిరుగుదామని. మనిషి చూడ్డానికి మెత్తటి దిండే గానీ లోపల స్ప్రింగులున్నాయి, ఎప్పుడో గుచ్చుకుంటాయి.

నేను ఊరికే కూర్చోలేదు. ఇక్కడి పెద్దాసుపత్రిలో పిల్లల బుర్రల విభాగం ఒకటుంది. వరండాలో కుర్చీలు చిరిగిపోయాయని నన్నే పిలిచారు. ఒక్క కుర్చీకే నాలుగు కుర్చీలకి పట్టే టైము తీసుకుని, మేకులు పీకి మళ్ళీ కొట్టాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఒక పిల్లాడు, ఎదురుగా ఒకావిడ. బల్ల మీద చిన్న చిన్న చెక్క దిమ్మలు. కొన్ని వైపులు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని కోణంగా సగం సగం. ఆవిడ ఒక బొమ్మ చూపిస్తుంది, వాడు దిమ్మలతో అలాగే పేర్చాలి. ఆవిడ చేతిలో గడియారం. వాడు తప్పినా నవ్వుతుంది, ఒప్పినా అదే నవ్వు నవ్వుతుంది. ఇలాంటి మొహం నేను పేకాటలోనే చూశాను. గోడకి అద్దం అక్కడా ఉంది. ఏ గదికి పడితే ఆ గదికి అద్దం ఎందుకుంటుంది, అవతల ఎవరో ఉంటే తప్ప?

సరే. నువ్వు దిగులు పడకు. ఆదివారం వస్తున్నా. మీ సోఫా మధ్యలో గుంట పడిందన్నావుగా, దానికోసమే. ఇంకే ఉద్దేశం లేదు.

(వదినా, ఉంది. – మరదలు)

నీ తమ్ముడు


జులై 24

తమ్ముడూ,

సోఫా బాగా కుదిరింది. గుంట పోయింది, మీ బావ కూర్చుంటే గడ్డకట్టిన పెరుగులా కదలకుండా ఉంటున్నాడు. అందుకు థాంక్స్.

ఇప్పుడు అసలు సంగతి చెప్పు. మేమిద్దరం బజారుకి వెళ్ళినప్పుడు పిల్లతో ఏం మాట్లాడావు? నువ్వు వెళ్ళినప్పట్నుంచీ అది ఇంట్లో అద్దాలన్నిటి వెనకా వేలు పెట్టి చూస్తోంది. నిన్న అన్నం తింటూ తింటూ ఆగిపోయి, "అమ్మా, ఆ ఆంటీ గదిలోంచి నన్ను వేరే తలుపులోంచి తీసుకెళ్ళిపోతారా?" అంది. ఎక్కడికే అంటే, హాస్టలుకి అంది. కంచం వదిలేసి వెళ్ళిపోయింది.

హాస్టలన్నది ఎవర్రా? నేనా? మీ బావా? నా ఉత్తరం తీసి మళ్ళీ చదువుకో. అందులో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. వేరే బడి చూడాలన్నాడు మనిషి, అదీ దిగులుతో. ఆయన రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఏదో ఒక బడి గేటు దగ్గర ఆగి కనుక్కుని వస్తున్నాడు. నువ్వేమో ఈలలు వేయిస్తున్నావు.

నీ సంచీలోంచి తీసిచ్చిన ఆ గుడ్డ దిమ్మలేమిటి? ఎరుపూ తెలుపూ రెక్సిన్ చుట్టి ఉన్నాయి. ఆడుకోవడానికి అన్నావు. అది తలగడ కింద పెట్టుకుంటోంది. నేను గదిలోకి వెళితే దాచేస్తోంది. బొమ్మల్ని దాచే పిల్లని ఎక్కడైనా చూశావా?

వచ్చే వారమే పరీక్ష. నాకు నీ మీద అనుమానంగా ఉంది.

అక్క


జులై 28

అన్యాయంగా నిందించే అక్కకి,

బొటనవేలికి సుత్తి దెబ్బ తగిలింది, కలం పట్టలేను. మీ మరదలే గతి.

నీ ఉత్తరం మళ్ళీ చదువుకోమన్నావు. పనిలో పడి కుదర్లేదు. అయినా ఉత్తరంలో లేకపోతే మాత్రం మనసులో ఉండదా? గుమ్మడికాయల దొంగ అంటే బావే భుజాలు తడుముకుంటున్నాడు.

దిమ్మలు బొమ్మలే. సోఫా చెక్కల ముక్కలు మిగిలితే కోసి, పిల్ల చేతికి గుచ్చుకోకుండా రెక్సిన్ తొడిగాను. ఒక బొమ్మ గీసి, ఇలా పేర్చు చూద్దాం అన్నాను. మొదట తడబడింది. కళ్ళు మూసుకుని రెండు రంగులు కలిసే కుట్టు తడిమి చూడవే అన్నాను. అంతే, సాయంత్రానికల్లా నాకన్నా ముందు పేర్చేసింది. చూశావా, నా మేనకోడలు. ఇక ఆవిడ గడియారం తీసేలోపే ఇది లేచి నిలబడుతుంది.

అద్దం వైపు మూతి వంకర పెట్టి చూడమన్నాను. అవతల ఉన్నవాడికి తెలియాలిగా, మనకి తెలుసని.

ఇక చదవమంటే ఏం చెయ్యాలో కూడా...

ఇక్కడ మీ మరదలు రాయనంది. కలం మూసి పెట్టేసింది. బతిమాలితే కింద సంతకం వరకే రాస్తానంటోంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇప్పుడు కాళ్ళ దగ్గరున్నాను.

నీ తమ్ముడు


ఆగస్టు 6

తమ్ముడూ అని పిలవాలో వద్దో తెలియని నీకు,

నిదానంగా రాస్తున్నాను. ఎందుకంటే తిట్లన్నీ నిన్ననే గోడలకి చెప్పేశాను.

మొదటి పూట మేం బయట కూర్చున్నాం. లోపలినుంచి నవ్వులు కూడా వినపడ్డాయి. మాటలకి అర్థాలు అడిగితే దంచేసిందట. కథ చెబితే విని మళ్ళీ చెప్పిందట, ఆవిడ చెప్పినదానికన్నా బాగా. తర్వాత దిమ్మలు తీసింది. మన తూనీగ బొమ్మ వైపు ఒక్కసారి చూసి, కళ్ళు మూసి తెరిచి, టకటకా పేర్చేసింది. ఆవిడ ఇంకోటి ఇచ్చింది. అదీ అంతే. మూడోదానికి ఇదే ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇవి మా ఇంట్లో ఉన్నాయి ఆంటీ. మావయ్య చేసిచ్చాడు. మావి మెత్తగా ఉంటాయి. ఇది నేను చేసినట్టు కాదు కదా?" అందట.

నువ్వు నేర్పినవన్నీ చేసింది గానీ, దొంగతనం మాత్రం దానికి అబ్బలేదు.

ఆవిడ నన్ను లోపలికి పిలిచింది. కోప్పడలేదు. ఆ దిమ్మల భాగం పనికిరాదు, వదిలేసి వేరేది పెడతాను అంది. ఇది గనక పిల్ల చెప్పకపోయి ఉంటే, అన్నీ వచ్చు, చదువు మాత్రం కావాలనే ఎగ్గొడుతోంది అని రిపోర్టు వచ్చి ఉండేదేమో, అప్పుడు హెడ్‌మిస్ట్రెస్సు అనుకున్నదే నిజమయ్యేది అంది. విన్నావా? నువ్వు కాపాడబోయి దాన్ని గేటు బయట నిలబెట్టబోయావు.

రెండో పూట చదవడం. పుస్తకం తెరవగానే మనది కుర్చీలోంచి కావాలని జారిపడింది. లేచి పిల్లిలా అరిచింది. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు, ఆగింది. అదింకా రెండుసార్లు అరిచి, ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉండేసరికి, మెల్లిగా వచ్చి కూర్చుని చదవబోయింది. తలుపు ఓరగా ఉంది, నేను విన్నాను. ఒక్కో మాట దగ్గర అది రాయి మోస్తున్నట్టు ఊపిరి తీసింది. ఇంట్లో నా ముందు చదివిందంతా కంఠస్థం అని నాకప్పుడు తెలిసింది. నేను చదువుతుంటే విని అప్పజెప్పేది. తల్లినై ఉండి కనిపెట్టలేకపోయాను.

చివర్లో ఆవిడ నీ గురించి అడిగింది. ఈ దిమ్మల మావయ్య ఎవరు అని. నా తమ్ముడు, ఒట్టి అల్లరి మనిషి, ఆరులో బడి మానేశాడు అన్నాను. ఎందుకు మానేశాడు అంది. అల్లరి వల్ల అన్నాను. "ఏ పీరియడులో చేసేవాడు?" అని అడిగింది.

ఒరేయ్, నాకు తెలియదు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ అడిగినప్పట్నుంచీ నీ జిగురూ, నీ కళ్ళజోడూ, నీ బొటనవేలూ వరసగా గుర్తొస్తున్నాయి.

కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా చదవడంలో ఇబ్బంది ఉందో లేదో తెలిస్తే తేల్చడానికి తనకి ఊతంగా ఉంటుందట. బలవంతం లేదంది. నేనూ చెయ్యను. ఈ ఉత్తరం మరదలు చదవాల్సి వస్తే, మరదలా, ఇక్కడ గొంతు తగ్గించకు.

అక్క


ఆగస్టు 17

అక్కకి,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నా. మీ మరదల్ని వాళ్ళ పుట్టింటికి పంపాను. పక్కనుంటే అందిస్తుంది.

ఆదివారం మొదలెట్టాను. కొట్టు తెరవలేదు. చించినవి చాలా ఉన్నాయి. పొట్టిగా రాస్తా.

తెలుగు పీరియడు.

మాస్టారు ఒక చివర్నుంచి చదివించేవాడు. ఒకడి తర్వాత ఒకడు. వంతు బెంచీ బెంచీ దాటి నా వైపు వచ్చేది. ముందు బెంచీ దాకా వచ్చేసరికి ఇక నాకు టైము ఉండేది కాదు. అప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి. ఒకసారి ముందు బెంచీ వాడి చొక్కాలో గొంగళిపురుగు వేశాను. ఒకసారి కప్ప. మాస్టారు బయట నిలబెట్టేవాడు. అందరూ నవ్వేవారు. బయట నిలబడితే హాయి. వంతు నన్ను దాటి పోయేది.

అక్షరాలన్నీ తెలుసు అక్కా. ఒక్కొక్కటి ఎదురైతే పలకరిస్తా. గుంపుగా వస్తే చుట్టాల పెళ్ళిలో లాగా ఎవరి పేరూ గుర్తురాదు.

ఆరులో పరీక్షకి అందరి ముందూ చదవాలన్నారు. ఆ రోజు నుంచి వెళ్ళలేదు. అల్లరి వల్ల మానేశానని మీరంతా అన్నారు. ఆ పేరు బాగుంది. ఉంచుకున్నా.

మీ మరదలికి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. జిగురు అంటే జిగురు, కళ్ళజోడు అంటే కళ్ళజోడు. ఒక్కసారీ ఎదురు అడగలేదు. నీ పాత ఉత్తరం మొన్న మూడుసార్లు చదివించుకున్నా. హాస్టలు లేదు. బావకి చెప్పు.

తూనీగ పిల్లిలా అరిచిందంటే నేను మురిసిపోయాను. నా పోలిక అని. ఏ పోలికో నాకే తెలుసు. అయినా నవ్వాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. అరిచింది పిల్లి కాదు.

ఆవిడ కాగితంలో రాయించు. మేనమామకి ఉంది అని. ఏ పేరు పెట్టినా పెట్టనీ. వచ్చి చెప్పమంటే వస్తా.

ఆ అద్దం సంగతి మాత్రం నాకింకా అనుమానమే.

తమ్ముడు


సెప్టెంబరు 2

మా తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకి చూపించాను. చదివి, కాగితం మడత పెడుతూ "కప్ప కూడానా" అన్నాడు. నీ మీద ఆయన కోపం అయిపోయినట్టే. ఈలల సంగతి మాత్రం ఇంకా అడుగుతున్నాడు.

నువ్వు వచ్చి ఆవిడతో మాట్లాడి వెళ్ళాక మిగిలింది తొందరగానే అయింది. నిన్న మమ్మల్ని కూర్చోబెట్టి రిపోర్టు అంతా చదివి చెప్పింది. అర్థం కాని చోట ఆపి అడగమంది, నేను చాలాచోట్ల ఆపాను. తెలివికి ఏ లోటూ లేదు. చదవడంలోనే ఇబ్బంది, దానికి డిస్లెక్సియా అని పేరుంది. అల్లరి ఆ ఇబ్బంది మీద కప్పుకున్న దుప్పటి. ఒక్కరోజులో పోయేది కాదు గానీ, నేర్పే పద్ధతిలో నేర్పితే చదువుతుంది అంది. తర్వాత పిల్లని కూడా పిలిచి, దానికి ఏవి బాగా వచ్చో, ఏది కష్టమో దాని మాటల్లోనే చెప్పింది. అది అంతా విని, "అయితే నేను మొద్దుని కాదా?" అంది. ఇన్నాళ్ళూ ఆ మాట దాని లోపల ఉందని నాకు తెలియదురా.

హెడ్‌మిస్ట్రెస్సు రిపోర్టుని ముందూ వెనకా తిప్పి తిప్పి చూసింది. ఆవిడకింకా నమ్మకం కుదరలేదు. అయినా బడిలో ఉంచుకుంటామంది. ముందు చెప్పకుండా అందరి ఎదుటా చదవమనరు. పరీక్షల్లో కొంత టైము ఎక్కువిస్తారు. విడిగా నేర్పే టీచరమ్మ దగ్గరికి వారం వారం వెళ్తోంది. తడిగుడ్డలు ఆగాయి. జడలు ముడెయ్యడం ఆగలేదు, అది మాత్రం వంశమే అయి ఉంటుంది.

నీ అద్దం గురించి తూనీగే ఆవిడని అడిగేసింది. ఆవిడ లేచి మేకుకున్న అద్దం తీసి చూపించింది. వెనక గోడ ఉంది. గోడ మీద బల్లి ఉంది. బల్లికి నువ్వే చెప్పుకో.

నీ ఉత్తరం దానికి నేను చదివి వినిపిస్తానంటే వద్దంది. తనే చదువుతానని తీసుకెళ్ళి తలుపేసుకుంది. భోజనానికి పిలిచినా రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తడిగుడ్డ మీద టీచరు కూర్చున్న రోజులా ఉంది. ఈ కాగితం కింద కాస్త చోటు వదలమంది. వదులుతున్నా. తను రాసింది మేమెవరం సరిదిద్దలేదు. మరదల్ని చదవమనకు.

నీ అక్క

మావయ్యా నేను చదివాను అంతా. కప్ప బాగుంది.
ఇప్పుడు నీ వంతు.